బ్రిడీ గారి హాలులో మూడో కాలం

మొన్న ఉగాది కార్యక్రమానికి ముందు, వాటర్‌ఫోర్డ్‌లో మేము అద్దెకు తీసుకున్న బడి హాలులో మైకు సరిచూస్తుండగా స్పీకరు ఒక్కసారిగా గుయ్యిమంది. సన్నగా మొదలై, పళ్ళలోకి దిగి, చివరకు కిటికీ అద్దాలను పట్టుకుని ఊపే ఆ శబ్దానికి అందరూ చెవులు మూసుకున్నారు. పట్టుచీరల్లో ఉన్న తల్లులు తమ చెవులు వదిలేసి పిల్లల చెవులు మూశారు. మైకు చూసుకునే రమేశ్ కంగారుగా నా దగ్గరకు వచ్చి, "సారీ అంకుల్, ఫీడ్‌బ్యాక్ వచ్చింది, టూ మినిట్స్‌లో సెట్ చేసేస్తా" అన్నాడు. తొందరేమీ లేదు, కాసేపు ఉండనిమ్మన్నాను. అతను నా ముఖంలోకి అనుమానంగా చూశాడు. పక్కనే ఉన్న నా మనవరాలు అతనికి ధైర్యం చెప్పింది: "హీ ఈజ్ గ్రాండ్. తాతకి ఆ నాయిస్ ఇష్టం."

ఆ శబ్దం వెంట నాకు తడిసిన ఉన్ని కోట్ల వాసన, కిరసనాయిలు హీటరు వాసన, అతిగా మరిగిన టీ వాసన వరసగా వస్తాయి. వాటి వెనకే మెడలో ఈల, చేతిలో చీపురు, మోచేతుల దగ్గర అతుకులు వేసిన నీలం స్వెట్టరుతో బ్రిడీ గారు వస్తారు. ఆమెను ఎరగనివారి కోసం ఇది రాస్తున్నాను. ప్రతిదీ రాసిపెట్టుకోవడం నా అలవాటు. గొప్పవారి జీవితాలకు రాతగాళ్ళు పోటీపడతారు. ఒక ఊరిలోని సగం మంది పిల్లలను దారిన పెట్టిన మనిషి గురించి ఒక్క పేరా ఎక్కడా కనిపించదు. ఈ అన్యాయం తలచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు మండుతుంది.

డెబ్బయ్యో దశకం చివర్లో నేను వైద్యం చదువు ముగించుకుని ఈ ఊరి ఆసుపత్రిలో జూనియర్ డాక్టరుగా చేరాను. తెలుగు మాట్లాడే మనిషి మరొకరు ఊళ్ళో లేరు. నది వైపు దిగే ఒక సన్నని వీధిలో నాకు గది దొరికింది. ఆ గది గోడకు అవతలే చర్చి వారి పాత హాలు. శుక్రవారం రాత్రంతా ఆసుపత్రిలో పనిచేసి శనివారం పగలు నిద్రపోవాలని పడుకుంటే, సరిగ్గా అప్పుడే గోడ అవతల పంక్ సంగీతం మొదలయ్యేది. పంక్ అంటే ఏమిటో తెలియనివారికి చెబుతాను: గిటారు మీద మూడు పట్లు తెలిస్తే చాలు, మిగిలినదంతా వేగం, కోపం, అరుపు. చిరిగిన చొక్కాలకు పిన్నీసులు గుచ్చుకుని, జుట్టును సబ్బునీళ్ళతో నిక్కబొడిపించుకుని, ఊళ్ళో ఉద్యోగాలు దొరకని పిల్లలంతా అక్కడ చేరేవారు. నా మంచం పక్కన బల్లమీద పెట్టిన గ్లాసు ఆ అదురుకు నెమ్మదిగా జరిగి జరిగి అంచుదాకా వచ్చేది.

కోపగించుకోవడంలో కూడా నాకు ఒక పద్ధతి ఉంది. ఏ శనివారం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, గ్లాసు ఎంత జరిగింది, అన్నీ శుభ్రంగా ఒక కాగితం మీద ఎక్కించి, దాన్ని పట్టుకుని హాలుకు వెళ్ళాను. మెట్లు ఊడుస్తూ ఒక యాభైయేళ్ళ ఆవిడ కనిపించింది, ఆమే బ్రిడీ గారు. ఆమె మాటలను నాకు వినిపించిన తీరులోనే తెలుగులో రాస్తున్నాను.

"ఇక్కడ బాధ్యులెవరండీ?" అని అడిగాను.

"చీపురు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే. నువ్వు పక్కింటి డాక్టరువి కదూ?"

"మీ సంగీతం మీద ఫిర్యాదు తెచ్చాను."

"సంగీతమా! ఆ మాట అన్న మొదటి మనిషివి నువ్వే. లోపల పిల్లలకు చెబితే ఆనందంతో ఏడుస్తారు."

చీపురు గోడకు ఆనించి, కళ్ళద్దాలు పెట్టుకుని, నా కాగితం మొదటినుంచి చివరిదాకా చదివింది. "చక్కగా రాశావు. దీన్ని హాలు కమిటీ అధ్యక్షుడికి ఇవ్వాలి, వంతెన దగ్గర మందుల దుకాణం ఆయనది. అయితే నీకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. ఇరుగుపొరుగు నుంచి ఇంకొక్క ఫిర్యాదు వస్తే మమ్మల్ని బయటికి పంపేస్తామన్నారు. ఇదే ఆ ఒక్కటి."

"అయితే ఇవ్వొద్దంటారా?"

"అయ్యో, ఇవ్వు! నిద్ర నీ హక్కు. కానీ నువ్వు గోడ అవతలనుంచి విన్నదే రాశావు. వచ్చే శనివారం లోపలికొచ్చి మొదటినుంచి చివరిదాకా కూర్చో. ఆ తరువాత ఎంత కోపమైనా తెచ్చుకో. అప్పుడు నీ కాగితానికి బలం వస్తుంది."

తన మీద రాసిన ఫిర్యాదుకు బలం చేకూర్చే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. చెప్పినట్టే వెళ్ళాను. ఆవిడ నన్ను ముందు వరసలో, ఒక బడిపిల్లల కుర్చీలో కూర్చోబెట్టి చేతికి టీ ఇచ్చింది. వేదిక మీద నలుగురు. వారిలో డ్రమ్ము వాయించే పిల్లవాడు పరుగుపందెంలో ఉన్నట్టు వాయిస్తున్నాడు. చిన్నతనంలో ఏడేళ్ళు సంగీతం నేర్చుకున్నవాణ్ణి, లయ తప్పితే నా ఒళ్ళు ఊరుకోదు. టీ కింద పెట్టి, ఆ పిల్లవాడికి బుద్ధి రావాలని, మోకాలి మీద గట్టిగా ఆదితాళం వేయడం మొదలుపెట్టాను. ఒక దెబ్బ, మూడు వేళ్ళ లెక్క, దెబ్బ, అరచెయ్యి పైకి తిప్పే విసురు, మళ్ళీ దెబ్బ, విసురు. శబ్దం పెరిగింది. వీళ్ళకు నేనంటే లక్ష్యం లేదని మండిపడి ఇంకా గట్టిగా వేశాను. ఇంకా పెరిగింది. చెవుల్లో ఈలలు మొదలయ్యాయి. పక్కకు చూస్తే బ్రిడీ గారు స్తంభాన్ని పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వుతోంది.

పాట ఆగాక సంగతి బయటపడింది. గోడవార మీటల పెట్టె దగ్గర నిలబడిన మనిషికి, ముందు వరసలో ఉన్నవారు అరచెయ్యి పైకి తిప్పి చూపితే శబ్దం పెంచమని అర్థమట. నేను విసురు వేసిన ప్రతిసారీ అతను ఒక మెట్టు పెంచుతూ పోయాడు. "ముసలి డాక్టర్లు కూడా ఇంత శబ్దం అడుగుతారనుకోలేదు" అన్నాడు గౌరవంగా. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. శబ్దం మీద ఫిర్యాదు చేయడానికి వచ్చి ఆ ఏడాది మొత్తంలోకీ పెద్ద శబ్దాన్ని నా చేత్తో నేనే చేయించాను.

లేచి వెళ్ళిపోబోతుంటే బ్రిడీ గారు ఈల ఊదింది. ఈల పడితే కరెంటు పెట్టెలన్నీ ఆపాలి. అందరూ నేలమీద గుండ్రంగా కూర్చోవాలి. అప్పుడు ఒకరు వాయిద్యం లేకుండా ఏదో ఒకటి పాడాలి, పాడినవారు తరువాతి మనిషిని పిలవాలి, పిలిచాక కాదనకూడదు. ఈ దేశంలో ఇళ్ళల్లో, పెళ్ళిళ్ళలో, చావు ఇంట్లో కూడా పాటిస్తారు దీన్ని. నోబుల్ కాల్ అంటారు. పంక్ పిల్లల మధ్యకు దాన్ని తెచ్చింది మాత్రం బ్రిడీ గారే. ముక్కుకు పిన్నీసు గుచ్చుకున్న ఒక అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పాట పాడి, వేలు నా వైపు చూపింది.

ఏం పాడాలో తోచలేదు. నోటికి వచ్చినవి సరళీ స్వరాలు. సరిగమపదనిస, మొదటి కాలంలో మెల్లగా పాడాను. మర్యాదకు విన్నారు. వేగం రెట్టించి రెండో కాలంలో పాడితే తలలు ఊగాయి. ఊపిరి బిగపట్టి మూడో కాలం అందుకునేసరికి పిల్లలు బెంచీలెక్కారు. డ్రమ్ము వాయించేవాడు నా ముందుకొచ్చి మోకాళ్ళమీద కూర్చుని, "మళ్ళీ! మళ్ళీ!" అని అరిచాడు. ఏడేళ్ళ సాధనలో మా గురువు గారు నన్ను ఎన్నడూ మళ్ళీ పాడమనలేదు.

ఆ హాలు మొరటుదే, దాన్ని తీయగా చెప్పి నేను అబద్ధమాడను. ఒక శనివారం ఇద్దరు కుర్రాళ్ళు ఒకరి ముక్కు ఒకరు పగలగొట్టుకున్నారు. నేను దూది పెట్టి రక్తం ఆపాక, పోలీసులను, ఇక్కడి మాటలో గార్డులను, పిలుద్దామన్నాను. "గార్డులు వస్తే ఇద్దరూ ఒక్కటై వాళ్ళ మీద పడతారు" అని బ్రిడీ గారు అందరికంటే పెద్ద స్పీకరును చూపించి, దాన్ని ఇద్దరూ కలిసి మెట్లమీదుగా కిందికి దించమంది. మధ్యలో ఎవరు వదిలినా ఇద్దరి కాళ్ళమీదా పడుతుంది. "నీ వైపు ఎత్తరా, గాడిదా!" "నువ్వు ముందు వంగు, బడుద్ధాయీ!" అనుకుంటూ దించారు. వీధిలోకి చేరేసరికి నవ్వుకుంటున్నారు. ఆ స్పీకరును మళ్ళీ పైకి కూడా వాళ్ళ చేతే ఎక్కించింది. దాన్ని అసలు కదపవలసిన అవసరమే లేదని నాకు తరువాత తెలిసింది.

నా కాగితం సంగతి ఈలోగా కమిటీ చెవిన పడింది. నన్ను కబురంపి పిలిపించారు. టై కట్టుకున్న పెద్దమనుషులు బల్ల చుట్టూ కూర్చున్నారు. బ్రిడీ గారు గోడవార, ఒళ్ళో చేతులు పెట్టుకుని, బడిలో తప్పు చేసిన పిల్లలా కూర్చుంది. అధ్యక్షుడు నాతో, "డాక్టరు గారూ, మీ ఫిర్యాదు వినిపించండి. దానితో ఈ వ్యవహారం ముగించేద్దాం" అన్నాడు. ముందు రోజు బ్రిడీ గారిని అడిగాను, ఏం చెప్పమంటారని. "ఉన్నదంతా చెప్పు. నా కోసం ఏదీ మింగకు" అంది.

ఉన్నదంతా చదివాను. నిద్ర లేకుండా రోగులను చూడడం ప్రమాదమని కూడా గట్టిగానే చెప్పాను. అధ్యక్షుడు తల ఊపుతూ కలం మూత తీశాడు. ఆ కలం చూసేసరికి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఆగండి. మీలో ఎవరైనా శనివారం ఆ హాలులోకి వెళ్ళారా?"

పెద్దమనుషులు బల్లమీది కాగితాలు సర్దుకున్నారు.

"ఒక్కసారైనా? వినకుండా తీర్పు ఎలా రాస్తారు? ఫిర్యాదు చేసినవాణ్ణి నేను. నేను వెళ్ళి చివరిదాకా కూర్చున్నాను. మీకేమి అడ్డం వచ్చింది?"

పరాయి దేశం, చిన్న ఉద్యోగం, ఎదురుగా ఊరి పెద్దలు. అవేవీ అప్పుడు గుర్తు రాలేదు. గోడవారనుంచి బ్రిడీ గారి గొంతు వినిపించింది: "శనివారం రండి. టీ నాది. బిస్కెట్లు మీరు తెచ్చుకోండి."

వచ్చారు. చెవుల్లో దూది పెట్టుకుని, తడిసిన కోట్లు విప్పకుండా కూర్చున్నారు. ఈల పడింది. పాట చేతులు మారి మారి డ్రమ్ము వాయించేవాడి దగ్గరకొచ్చింది. అతను ముగించి అధ్యక్షుణ్ణి పిలిచాడు. ఆయన ముఖం ఎర్రబడింది. "నేను పాడను" అన్నాడు.

"పిలిచాక కాదనకూడదు. నీకు ఆ మాట మీ అమ్మే చెప్పి ఉంటుంది" అంది బ్రిడీ గారు.

ఆయన కళ్ళు మూసుకుని, కుర్చీ వీపు పట్టుకుని మొదలుపెట్టాడు. ఎవరో పడవలో వెళ్ళి రాని పాట. గొంతు బాగుంది. రెండో చరణంలో మాట మరిచిపోయి ఆగిపోయాడు. అప్పుడు వెనకనుంచి, పిన్నీసుల పిల్లల్లో ఒకరు మెల్లగా ఆ మాట అందించారు. తరువాతి మాట మరొకరు. వాళ్ళందరి అమ్మమ్మల దగ్గరా ఉన్న పాటే అది. చివరి చరణం హాలంతా పాడింది. కలం మూత మళ్ళీ ఎవరూ తీయలేదు. నా నిద్ర కోసం శనివారం వాయింపు సాయంత్రానికి జరిపారు, గోడకు పాత దుప్పట్లు కొట్టారు. ఆ పిల్లలు పెద్దవాళ్ళై చెదిరిపోయేదాకా హాలు వాళ్ళదే.

ఆ తరువాత నా ఉద్యోగ జీవితమంతా, రోగి చెప్పేది పూర్తయ్యేదాకా నేను కలం ముట్టుకోలేదు. బయట వరసలో ఉన్నవారు విసుక్కున్నారు, పైవారు మందలించారు, నేను వారితో పోట్లాడాను. బ్రిడీ గారు పోయినప్పుడు వాళ్ళింట్లో బట్టతలల పంక్ పిల్లలంతా చేరారు. కళ్ళద్దాలు సవరించుకుంటూ ఒకరినొకరు పిలుచుకున్నారు. నా వంతు వచ్చినప్పుడు మూడో కాలం దాకా పాడమన్నారు. పాడాను.

మొన్న ఉగాది నాడు కూడా అలాంటి పిలుపే జరిగింది. కార్యక్రమం పట్టిక ముందే అచ్చయింది. పేరు నమోదు చేసుకున్నవారికే మైకు, అదీ గడియారం చూసి. ఈ పద్ధతి నాకు నచ్చదని ఏటేటా చెబుతున్నాను. చివరి వరసలో, కొడుకు ఇంటికి కరీంనగర్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, ఎవరూ పలకరించక ఒంటరిగా కూర్చుంది. నేను వెళ్ళి మైకు అందించాను.

"నాకేం రాదు సారూ. ఊకె కూసున్న" అంది.

"ఇక్కడ పిలిస్తే కాదనకూడదమ్మా."

కొంగు సర్దుకుని, నాట్లు వేసేటప్పుడు పాడుకునే పాట అందుకుంది. గొంతు పొలం ఆ చివరికి వినపడేలా ఉంది. ఫోనుల్లో మునిగినవారు తలలెత్తారు. పాట అయ్యాక ఇప్పుడు ఆమె ఎవరినైనా పిలవాలని చెప్పాను. హాలంతా ఒకసారి చూసి నవ్వింది.

"ఎవర్నైనా పిల్వచ్చా? గట్లయితే నిన్నే పిలుస్తున్న, పెద్దసారూ. నువ్వు పాడు మల్ల."

నా మనవరాలు ఈల వేసింది. నేను మైకు తీసుకుని, ఆమె పక్క కుర్చీలో కూర్చుని, మోకాలి మీద తాళం వేస్తూ సరిగమలు అందుకున్నాను. మొదటి కాలం, రెండో కాలం. మూడో కాలం మొదలయ్యేసరికి శబ్దం పెరిగినట్టు అనిపించింది. పక్కకు చూస్తే రమేశ్ నా చేతివంకే శ్రద్ధగా చూస్తూ, విసురు పడిన ప్రతిసారీ ఒక మెట్టు పెంచుతున్నాడు. స్పీకరు సన్నగా గుయ్యిమనడం మొదలుపెట్టింది. అందరూ చెవుల మీదికి చేతులు తెచ్చుకున్నారు.

నేను విసురు ఆపలేదు.