గీజర్ నీళ్లు, అమ్మ చేయి

కాన్పుకు వనపర్తిలోని పుట్టింటికి వచ్చాక, అమ్మకూ నాకూ రోజూ గొడవ బాత్రూంలోని గీజర్ దగ్గరే. పసిదానికి తనే నీళ్లు పోయాలని అమ్మ పంతం. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, పిల్లను వాటి మీద బోర్లా పడుకోబెట్టుకుని, బకెట్లో చేయి ముంచి వేడి చూసి పోసేది. ఆ చేతి మీద మా ఇంట్లో అందరికీ నమ్మకం. పెనం మీద జొన్నరొట్టెను వేళ్లతోనే తిప్పే మనిషి. మా అమ్మకు సెగ తగలదని చిన్నప్పటి నుంచి గొప్పగా చెప్పుకునేదాన్ని.

చలి ముదిరేసరికి నీళ్లు సరిగా కాగడం లేదని అమ్మ మొదలుపెట్టింది. అది నిజమే, నేనూ చూశాను. మా వీధి ప్లంబర్ వచ్చి గీజర్ విప్పితే లోపలంతా తెల్లటి పెచ్చులు.

"బోరు నీళ్లు గద పెద్దమ్మా, సున్నం పట్టింది," అని గీకి, కాయిల్ మార్చి పోయాడు.

మర్నాడు అమ్మది మళ్లీ అదే మాట. "ఇంక సల్లగనే ఉన్నయి."

నాకు తలంటినప్పుడు మాత్రం ఒళ్లు చుర్రుమంది. అబ్బా అంటే కసిరింది. "బాలింత ఒంటికి గింత వేడి లేకుంటే ఎట్ల?" బాలింత నీళ్లు అలాగే ఉంటాయి కాబోలని ఊరుకున్నాను.

ప్లంబర్ మళ్లీ వచ్చి నల్లాలు, పైపులు చూశాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. అమ్మ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆమె పోరు పడలేక, వేడి పెంచే మర ఇంకాస్త తిప్పి వెళ్లాడు.

మరుసటి పొద్దున తువ్వాలు ఇవ్వడానికి వెళ్లాను. పిల్ల అప్పటికే అమ్మ కాళ్ల మీద ఉంది. అమ్మ కుడిచేయి మణికట్టు దాకా బకెట్లో ఉంది.

"గోరువెచ్చగ గూడ లేవు. పిల్లకు సర్ది జేస్తది. ఆ ప్లంబర్‌కు ఏం తెల్వది," అంటూ చెంబు ముంచింది.

"ఇంకెంత వేడి గావాలె నీకు?" అని విసుక్కుంటూ నేనూ బకెట్లో వేలు పెట్టాను. కాలింది. అమ్మ చేతిలోని చెంబు లాగేసుకున్నాను. నీళ్లు ఒలికి నా పాదం బొబ్బలెక్కింది. పిల్ల మీద చుక్క పడలేదు.

అమ్మ చేయి బయటికి తీసి చూసుకుంది. ఎర్రగా కందిపోయింది.

"మండుతలేదు బిడ్డా," అంది మెల్లగా.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. చచ్చేంత భయమేసింది.

దవాఖానలో షుగర్ అన్నారు. ఎన్నాళ్ల నుంచో ఉండి ఉంటుందని, చేతుల్లో స్పర్శ తగ్గిపోయిందని చెప్పారు. మేం మురిసిపోయిన ఆ రొట్టెల్లో ఎన్ని ఓపికతో తిప్పినవో, ఎన్ని తెలియక తిప్పినవో ఇప్పుడెవరు చెప్పగలరు?

ప్లంబర్ వచ్చి గీజర్ వేడి తగ్గించాడు. పిల్లకు నీళ్లు ఇప్పటికీ అమ్మే పోస్తుంది. వద్దనడానికి నాకు నోరు రాలేదు. కాకపోతే ముందు బకెట్ నా వైపు జరుపుతుంది.

"ఎట్లున్నయి?"

"మంచిగున్నయి, పొయ్యమ్మా."

వెంటనే పోయదు. తన చేయి కూడా ముంచి, కాసేపు అలాగే ఉంచి చూస్తుంది.