మంచు తీసేశాక కూడా కమిలిన ఒళ్లు

కెనడాలోని థండర్ బేలో మా మంచు హాకీ జట్టుకు గోల్‌కీపర్ రెయో లాక్సో. పగలు ఇళ్లకు కప్పులు వేస్తాడు. కాలు ఒక్కచోట నిలవదు. గోల్ ముందు కూడా ఎడమకీ కుడికీ ఊగుతూనే ఉంటాడు. ఆట అయ్యాక అందరం రెయో వాళ్లింటి ఆవిరిగది, సౌనాలో దూరి, వేడిలో చెమటలు కక్కుతూ దెబ్బలు చూపించుకుంటాం. ఎవడి కమిలిన మచ్చ పెద్దదైతే వాడికి మొదటి బీరు. మొన్నటి చలికాలమంతా ఆ బీరు రెయోదే. ఆయాసపడితే పొట్ట పెరిగిందన్నాం. చిగుళ్ల నుంచి రక్తం కారితే ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల, పక్ తగిలిందన్నాం. సిగ్గులేని వెధవలం.

జూన్‌లో సౌనాలో అతని వీపు మీద మళ్లీ కొత్త మచ్చలు. అలవాటు కొద్దీ బీరు అందించాను. అతని తమ్ముడు ఆర్వో లాగేసుకున్నాడు. వాడు అవతలి జట్టులో ఆడతాడు.

"ఏప్రిల్‌లోనే మనం ఆడే రింకులో మంచు తీసేశారు కదా. మరి నిన్ను ఉతికిందెవరు, వదినేనా?"

"కప్పు మీద జారానేమోరా."

"వీపంతా జారావా? పద ఆసుపత్రికి."

"రేపు పనుంది."

"పనీ లేదు, నీ తలకాయా లేదు. లే అన్నయ్యా!"

ఆసుపత్రిలో తుంటి ఎముకలోకి సూది దించి మూలుగ తీశారు. డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. రక్తం పుట్టేది అక్కడే: ఊపిరిని ఒళ్లంతా మోసే ఎర్రకణాలు, రోగాలతో పోరాడే తెల్లకణాలు, రక్తం కారకుండా ఆపే ప్లేట్‌లెట్లు. వాటిని పుట్టించే తల్లికణాలను రెయో ఒంట్లోని రక్షణ దళమే శత్రువులనుకుని చంపేసింది. మిగిలింది కొవ్వు. "క్యాన్సర్ కాదు. కానీ వదిలేస్తే ప్రాణం పోతుంది. తోడబుట్టినవాళ్ల మూలుగ కలిస్తే ఎక్కించవచ్చు."

ఆర్వోది కలిసింది.

"నాది ఎక్కాక నువ్వూ గోల్స్ కొడతావురా అన్నయ్యా."

"నీదా? అయితే నేనూ నీలాగే గోల్ స్తంభానికే కొడతాను."

ఎక్కించాక వారాలు గడిచినా కణాల లెక్క పైకి లేవలేదు. జ్వరం వచ్చింది. మమ్మల్ని లోపలికి పోనివ్వలేదు. అద్దం అవతల రెయో మందు సీసా స్టాండు తోసుకుంటూ గోడ నుంచి గోడకు తిరిగేవాడు. ఇవతల నేనూ అంతే. పొద్దున్నే రక్తం తీసే నర్సును ఇద్దరం ఒకటే అడిగేవాళ్లం: "ఏమైనా లేచాయా?"

ఒకరోజు ఆమె తల ఊపింది. తెల్లకణాలు మొదలయ్యాయి. ఆ తర్వాత ప్లేట్‌లెట్లు. రెయో చొక్కా చెయ్యి పైకి లాగి అద్దానికి ఆనించాడు. సూది పొడిచినచోట చిన్న పసుపు మరక, అంతే.

"ఛీ, ఇదేం మచ్చ!" అన్నాడు నా పక్కనుంచి ఆర్వో. "నీకిక బీరు లేదు, పో."