అక్క కోసం వేసిన కుర్చీ

నా చిన్నప్పుడు సునామీ మా గడప దాకా రాలేదని నాకు నామోషీగా ఉండేది. పోర్ట్‌బ్లెయిర్ దగ్గర బ్రూక్షాబాద్‌లో మా ఇల్లు కాస్త ఎత్తు మీద ఉంది. ఆ పొద్దున భూమి ఊగినప్పుడు అటక మీది ఆవకాయ జాడీ పడి పగిలింది. గోల్ ఘర్‌లో మా నాన్న కిరాణా కొట్టులో నూనె డబ్బాలు దొర్లాయి. మా నష్టం అంతే. బడిలో ఒక్కొక్కరూ ఒక్కో కథ చెబుతుంటే నేను ఆ జాడీ గురించే మళ్లీ మళ్లీ చెప్పుకునేదాన్ని.

పక్కింటి అక్క వచ్చాక ఆ నామోషీ ముదిరి అసూయ అయింది. అక్క వాళ్లది దక్షిణాన ఇంకో దీవిలోని హట్ బే. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి అక్కడ చేపలవేట మీద బతికే కుటుంబం. నీళ్లు వాళ్లమ్మను తీసుకుపోయాయి. వాళ్ల నాన్న పడవ పని చూసుకోవడానికి అక్కడే ఉండిపోయి, అక్కను మా పక్కింట్లో ఉండే మేనమామ దగ్గరికి పంపాడు. ఆమె వెనకే సాయం కింద కొత్త బ్యాగు, కొత్త గొడుగు, చివరికి సైకిలు కూడా వచ్చాయి. మా టీచరమ్మ ఆమె తల నిమిరేది. నా తలను మాత్రం దువ్వుకున్నానా లేదా అని చూసేది. అక్కకు అమ్మ లేదన్న సంగతి నాకు తెలుసు. సైకిలుకు గంట ఉందన్న సంగతి ఇంకా బాగా తెలుసు.

మరుసటేడు మెయిన్‌లాండ్ నుంచి ఒకావిడ కెమెరాతో దిగింది. అందరం కెమెరా దీదీ అనేవాళ్లం. ఆమె రోజూ అక్క వాళ్ల పెరట్లోనే కూర్చునేది. అక్క కత్తిపీట ముందేసుకుని, వాళ్లమ్మ చేసే తీరునే చేపకు పొలుసు గీకుతుంటే ఆవిడ గంటల తరబడి కెమెరా పెట్టుకుని చూసేది. నేను మొహానికి పౌడరు మెత్తుకుని, పండగ గౌను తొడుక్కుని, లేని పని కల్పించుకుని అటూ ఇటూ తిరిగేదాన్ని. ఒకరోజు దీదీ నవ్వుతూ, "బేటా, థోడా సైడ్. ధూప్ చాహియే" అంది. నేను ఎండకు అడ్డమట. ఆ పూట నేను అన్నం తినలేదు.

కొన్ని నెలలకు సినిమా తయారైంది. కమ్యూనిటీ హాల్లో తెర కట్టారు. వేరే పేటల నుంచి కూడా జనం వచ్చారు. అక్క కథ చూపిస్తారని, పెద్ద పెద్ద అలలు చూపిస్తారని అందరూ అనుకున్నారు. ముందు వరసలో మధ్యన అక్క కోసమని ఒక ఎర్ర కుర్చీ ప్రత్యేకంగా వేశారు. అక్క అక్కడ కూర్చోనని వెనక తలుపు దగ్గర నిలబడింది. అంతా దానికేనా అని నేను పొద్దున్నుంచీ సణుగుతూనే ఉన్నాను. మా నానమ్మ విని విని, నా రెక్క పట్టుకుని తీసుకెళ్లి ఆ ఎర్ర కుర్చీలో కుదేసింది.

"కూకో. దీనికేగా ఏడస్తన్నావు" అంది. వెళ్లి పక్క గోడకు ఆనుకుంది.

దీపాలు ఆర్పేశారు. తెర నిండా నీలం పరుచుకుంది. చాలాసేపు అదే. తరువాత నీలం బూడిద రంగులోకి దిగింది. దాని మీద తెల్లటి చుక్కలు లేస్తూ, తిరుగుతూ, రాలుతూ ఉన్నాయి. వెనక గరగరమని, అక్క వాళ్ల పెరట్లో విన్నట్టే, ఏదో గీకుతున్న చప్పుడు. మనిషి లేడు, మాట లేదు. ముందు కుర్రాళ్లు ఈలలు వేశారు. మా వీధి కాంట్రాక్టరుగారు లేచి నిలబడి, "ఏంటి భయ్యా ఇది, తలా తోకా లేదు. కథ ఏదీ?" అన్నారు. చాలామంది నవ్వారు. వెనక వరసల్లోంచి వేటకెళ్లే మనిషి ఒకాయన, "ఇష్టం నేకపోతే ఎల్లిపోండి. నాకు కనబడతంది" అన్నాడు.

"ఏటి కనబడతందిరా, తెల్ల సుక్కలే గదా" అని ఎవరో అడిగారు.

"అయ్యే" అన్నాడాయన.

ఆయన వైపు ఆడవాళ్లు కొందరు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇటువైపు నవ్వులు ఆగలేదు. నేను నవ్వేవాళ్లతో కలిశాను. అక్క మొహం ఒక్కసారి కూడా కనబడలేదని నా కడుపు చల్లగా ఉంది.

దీపాలు వెలిగాక రెండు రకాలవాళ్లూ నా దగ్గరికే వచ్చారు. బయటి పేటలవాళ్లకు అక్క ఎవరో తెలియదు. ముందు కుర్చీలో ఉన్న పిల్లే అమ్మను పోగొట్టుకున్న పిల్ల అనుకున్నారు. ఒకాయన, ఇదేం సినిమా అమ్మా అని ఎకసెక్కంగా అడిగి వెళ్లాడు. తరువాత వేటగాళ్ల ఇళ్ల నుంచి వచ్చిన ఒకావిడ నా ముందు నేల మీద కూలబడి, నా మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మీ అమ్మ దొరికిందా తల్లీ?"

మా అమ్మ వెనక వరసలో మా చెల్లికి చెప్పులు తొడుగుతోంది. నేను చూస్తూనే ఉన్నాను. నేను మాట్లాడకపోవడం చూసి ఆవిడ ఇంకా ఏడ్చింది. అన్ని నెలలుగా నేను కోరుకున్న ఆదరణ అంతా ఆ చేతుల్లో ఉంది. నాకు భయం వేసింది. నానమ్మ కోసం చూశాను. ఆమె గోడ దగ్గర నుంచి కదల్లేదు.

అక్కే జనంలోంచి దారి చేసుకుని వచ్చింది.

"ఆ పిల్ల కాదు పిన్నీ, నాను. దొరకలేదు" అంది, ఇంట్లో ఉప్పు లేదని చెప్పినంత మామూలుగా. ఎంతమందికి చెప్పి చెప్పి ఉంటే ఆ మాట అంత మామూలుగా వస్తుందో నాకు చాలా ఏళ్ల తరువాత గాని తట్టలేదు. నేను కుర్చీలోంచి లేచాను.

ఇంటికి నడుస్తూ కూడా పెద్దవాళ్లు ఆ సినిమా గురించే వాదించుకున్నారు. నాన్న కాంట్రాక్టరుగారి పక్షం. నానమ్మ, తనకూ ఏమీ అర్థం కాలేదు గాని మళ్లీ వేస్తే మళ్లీ వెళ్తానంది. అమ్మ చెల్లిని ఎత్తుకుని చాలా ముందు నడుస్తోంది. చీకట్లో నాకు ఆమె కావాలనిపించి గట్టిగా పిలవబోయాను. అక్క నా పక్కనే నడుస్తోంది. పిలుపు గొంతులోనే ఆపుకుని, పరిగెత్తుకెళ్లి అమ్మ కొంగు పట్టుకున్నాను.

ఆ సినిమా బాగుందో లేదో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. అసూయ ఆ ఒక్క రోజుతో వదిలిపోయిందనీ చెప్పను. సైకిలు మీద ఇంకొన్నాళ్లు కుళ్లుకున్నాను. కాని ఇప్పుడు నా పిల్లలే పెద్దవాళ్లవుతున్నా, నలుగురిలో మా అమ్మను పిలవాల్సి వస్తే, ముందు పక్కన ఎవరున్నారో చూసుకుంటాను. ఒక్కోసారి పిలవకుండా లేచి ఆమె దగ్గరికే వెళ్తాను.