జర్మన్ ఆవిడకి నేను నేర్పిన బేరం

ఊళ్ళకి ఊళ్ళు కంప్యూటర్ కోర్సులు నేర్చుకుని విమానాలెక్కుతున్న రోజుల్లో నేనూ సింగపూర్ చేరి, జురాంగ్ ఈస్ట్‌లో ఒక ఆఫీసులో ప్రోగ్రాములు రాసేదాన్ని. పక్క సీటులో యాభై దాటిన జర్మన్ ఆవిడ. పగలు మా సాఫ్ట్‌వేర్‌కి వాళ్ళ భాషలో మాన్యువల్స్ రాసేది, ఇంటి దగ్గర డిటెక్టివ్ నవలలు. మూడు అచ్చయ్యాయి. మూడింట్లోనూ ఒకడే డిటెక్టివ్, మూడింటి మీదా ఎవరో మగాడి పేరు. ఆడమనిషి రాసిన హత్యలు అమ్ముడుపోవని పబ్లిషరు పెట్టిన పేరది.

నాలుగో నవల పూర్తయింది. దాని అట్ట మీదైనా సొంత పేరు చూసుకోవాలని ఆవిడ పట్టుదల. పబ్లిషరు కుదరదంటున్నాడు. ఫిక్స్‌డ్ ప్రైస్ బోర్డున్న షాపులో నేను గొడుగు బేరమాడి గెలవడం ఆవిడ కళ్ళారా చూసింది. అందుకని మేం భోజనం చేసే హాకర్ సెంటర్లో, ఎవరూ కూర్చోకుండా టిష్యూ ప్యాకెట్ పెట్టి ఆపుకున్న బల్ల దగ్గర, నన్ను సలహా అడిగింది.

బట్టల కొట్లో పెరిగినదాన్ని, ఊరుకుంటానా?

"నా పేరు వేస్తేనే పుస్తకం, లేకపోతే లేదు అని రాసెయ్యండి. తర్వాత నోరు మెదపకండి," అన్నాను. చీర పక్కన పడేసి మెట్లు దిగిపోయే ఆడవాళ్ళని మా నాన్న వెనక్కి పిలవని రోజు లేదు మరి. ఆవిడ అలాగే రాసి పంపింది.

రెండు వారాలైనా పిలుపు రాలేదు. నా రూమ్మేటు, కరీంనగర్ అమ్మాయి, నవ్వింది.

"గిదేం బేరమక్కా! ఆమెనే ఇంకో మెయిల్ పెట్టుమను, అయిపాయె."

"నోర్ముయ్యవే. తిరిగి మెట్లెక్కితే పరువుంటుందా?"

మూడో వారం జవాబొచ్చింది. మీ నిర్ణయాన్ని గౌరవిస్తున్నాం, కాంట్రాక్టు ప్రకారం ఆ కలం పేరూ ఆ డిటెక్టివూ మావి కనుక తర్వాతి పుస్తకాలు వేరొకరు రాస్తారు అని. మాన్యువల్ చదివినట్టే చదివి వినిపించింది ఆవిడ.

అప్పుడు వెలిగింది నాకు. ఆవిడ కొనడానికి వెళ్ళలేదు, అమ్మడానికి వెళ్ళింది. కొట్టువాడే మెట్లు దిగి వెళ్ళిపోతే ఎవరు పిలుస్తారు? గల్లాపెట్టె పక్కన పెరిగి కూడా ఆ మాత్రం తట్టలేదు.

మర్నాడు ఆవిడ నవల కాగితాల కట్ట తెచ్చింది. మొదటి పేజీలో మగాడి పేరు కొట్టేసి తన పేరు రాసింది. లోపల డిటెక్టివ్ పేరు కనిపించిన చోటల్లా గీత పెట్టడం మొదలుపెట్టింది. కంప్యూటర్లో ఒక్క నొక్కుతో మారిపోతుంది కదా అంటే, "చేత్తో కొట్టెయ్యాలనుంది," అంది. నేను పేజీలు తిప్పుతూ కూర్చున్నాను.

"దీన్ని ఎవరు వేస్తారండీ?"

"తెలీదు, వెతకాలి. ఈసారి ఉత్తరం మాత్రం నేనే రాసుకుంటాను," అంది తలెత్తకుండా.