బెంజమిన్ సార్ సాగదీత

బెంజమిన్ సార్‌కు మాటను సాగదీసే పిచ్చి ఉంది. ఏ మాటైనా సరే, మొదటి చప్పుడును నోట్లో కాసేపు నానబెట్టి గానీ బయటికి వదలరు. మక్తల్ దగ్గరి ఆ చిన్న ఊళ్లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు.

బడి ఎదుట చాయ్ అమ్మే పోచయ్యకు మాత్రం ఇది కలిసొచ్చింది. "సారు 'చ్‌చ్‌చ్‌' అనంగనే స్టవ్ ముట్టిస్త. 'చాయ్' అనేటాళ్లకు పొంగొస్తది," అంటాడు. బస్సులో ఆయన "మ్‌మ్‌మక్తల్" అని ముగించేలోపు బస్సు మక్తల్ చేరిపోతుందని కండక్టర్ల గోల. ఆదివారం చర్చిలో అందరూ ఆమెన్ అని, చెప్పులు తొడుక్కుని, ఇళ్లకెళ్లి అన్నాలకు కూర్చున్నాక కూడా లోపల సార్ ఆమెన్ ఇంకా మిగిలే ఉంటుందట.

ఆలేరు నుంచి మొదటి పోస్టింగు మీద వచ్చిన కరుణ టీచర్‌కు ఇది బొత్తిగా పడలేదు. ఆమె మాట్లాడితే కాగిన నూనెలో ఆవాలు వేసినట్టుంటుంది.

సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం పెట్టిన కొత్త. రెండో తరగతికి రెండు చప్పుళ్లు జంటగా మొదలయ్యే మాటలు నేర్పాలి: స్లేట్, ఫ్లాగ్, స్నేక్. సార్ వరండా ఈ కొసన ఒక పిల్లను, ఆ కొసన ఒక పిల్లాడిని నిలబెట్టేవారు. ఒకరు 'స్‌స్‌స్‌' అంటూ, ఇంకొకరు 'ల్‌ల్‌ల్‌' అంటూ నిద్రలో నడిచినట్టు ఎదురొచ్చేవారు. అరచేతులు తగిలినప్పుడు రెండు చప్పుళ్లూ కలిసి 'స్లేట్' అయ్యేవి. మిగతా పిల్లలు గోడకు చేరగిలబడి సన్నగా వంతపాడేవారు. మధ్యాహ్నాలు ఆ రొద కంది చేల మీది గాలితో కలిసి బడినంతా జోకొట్టేది. పక్క గదిలో కరుణకు కూర్చున్నచోటే కలలొచ్చేవి. ఆ కలల్లోనూ ఎవరూ మాట పూర్తిచేసేవారు కాదు.

ఆ తరగతిలో నేరం ఒక్కటే, తొందర. గబుక్కున నోరు జారినవాళ్లు చెవులు పట్టుకుని ఐదు గుంజీలు తీయాలి. సార్ జారినా అంతే.

శుక్రవారం పిల్లల చదువు చూడటానికి ఆఫీసరు వస్తున్నారని కబురొచ్చింది. కరుణ సార్ దగ్గరికి పరుగెత్తింది.

"సార్, స్లేట్ అననీకి మన పిల్లలకు అర నిమిషం పడ్తది. ఆఫీసరు ఏమని రాస్తడు?"

"క్‌క్‌కరుణమ్మా, స్‌స్‌స్లేటు యాడికీ ప్‌ప్‌పోదు."

బుధవారం సార్ మీటింగుకని మక్తల్ వెళ్లారు. ఇదే అదనని కరుణ ఆయన తరగతిలోకి దూరి, ఫోన్‌లో టైమర్ పెట్టింది. "ఒక్క దమ్ముల చదవాలె. జల్ది! జల్ది!" పిల్లలు ఆవలింతలు మాని గుర్రాలెక్కారు. ఒకడు స్లేట్, ఒకతె ఫ్లాగ్, టపటపా అనేస్తున్నారు. కరుణ మురిసిపోయింది.

నిరోష అనే పిల్ల వంతు వచ్చింది. "స్... స్..." అని ఆగింది. పెదాలు వణికాయి. "జల్ది బిడ్డా!" అంది కరుణ. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తరగతిలో అలాంటి నవ్వు వినిపించడం అదే మొదలు. నిరోష నోరు మూసుకుని కూర్చుంది.

మర్నాడు ఆ పిల్ల బడికి రాలేదు. సాయంత్రం కరుణ వాళ్లింటికి వెళ్లింది. నిరోష అవ్వ సోమమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది.

"మేకల ఎంబడి పోయింది టీచరమ్మా. ఇగ బడికి పోదంట. మునుపు ప్రైవేటు బడిల గూడ గిట్లనే నవ్విండ్రు, మానేసింది. దానికి మొదటి మాట గొంతుల ఇరుక్కుంటది."

"నాకు తెల్వదవ్వా. సార్ క్లాసుల ఎన్నడూ కనబడలే."

"యాడ కనబడ్తది? ఆడ అందరు సాగదీసెటోళ్లే గద."

 కరుణ ఆమె పక్కన కూర్చుని అడిగింది. "సార్‌కు చిన్నప్పటి నుంచి గట్లనేనా?"

సోమమ్మ చేట పక్కన పెట్టి పకపకా నవ్వింది. "అయ్యో, ఆయన మునుపు నోరిప్పితె వడగండ్ల వానే! గీ పిల్ల బడికచ్చినంక మొదలువెట్టిండు. బడిల ఒగ తీరు, బయట ఒగ తీరు మాట్లాడితె పిల్లలు పసిగడ్తరు గద? అందుకే చాయ్ కాడ గూడ గదే పాట. నాకైతె ఎన్నడు చెప్పలే. నాకెర్కనే."

కరుణకు సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. చేల గట్టున మేకల మధ్య నిరోష కనిపించగానే గట్టిగా పిలిచింది. "న్‌న్‌న్‌నిరోషా! త్‌త్‌తప్పు నాదే. ర్‌ర్‌రేపు బ్‌బ్‌బడికి రా!" టీచరమ్మ అవస్థ చూసి మేకలు కూడా మేత ఆపాయి. నిరోష ఫక్కున నవ్వింది.

శుక్రవారం ఆఫీసరు వరండాలో కూర్చున్నారు. ఈ కొసన నిరోష, ఆ కొసన ఇంకో పిల్ల. "స్... స్‌స్..." నిరోష నడుస్తోంది. ఆఫీసరు గడియారం చూసుకున్నారు. "జర తొందరగా, అమ్మా."

కరుణ చటుక్కున లేచింది. రిపోర్టు ఏమైనా కానీ అనుకుంది. "స్‌స్‌సార్! మ్‌మ్‌మా బడిల అందరం గ్‌గ్‌గిట్లనే!"

గోడవారన పిల్లలంతా 'స్‌స్‌స్‌' అందుకున్నారు. బుధవారం నవ్విన వాడి గొంతే అందరికన్నా పైన ఉంది. ఆ రొద మీద తేలుతూ వచ్చినట్టు వచ్చి నిరోష అరచెయ్యి చాపింది. "స్లేట్!" ఆఫీసరు ఏదో రాసుకుని, వెళ్తూ వెళ్తూ, "వ్‌వ్‌వస్తానమ్మా" అన్నారు. ఆ సంగతి ఆయనకే తెలియలేదు.

సాయంత్రం కరుణ పోచయ్య చాయ్ బండి దగ్గరికి వచ్చి, "చ్‌చ్‌చాయ్," అంది.

"మీకు గూడ అంటుకున్నదా మేడం!" పోచయ్య నెత్తి పట్టుకున్నాడు.

పక్కనే ఉన్న బెంజమిన్ సార్ ముఖం వెలిగిపోయింది. ఆ సంబరంలో ఆయన పాత నోరు కట్ట తెంచుకుంది. "పోచయ్యా రెండు చాయ్ పెట్టు అల్లం బాగ దంచెయ్యి కరుణమ్మకు చక్కెర జర ఎక్కువెయ్యి!"

అప్పుడే బడి గేటు దాటుతున్న నిరోష టక్కున ఆగింది. సార్ నాలుక కరుచుకున్నారు. ఇక తప్పదని చెవులు పట్టుకుని కిందికి వంగారు. లెక్కపెట్టే పని నిరోష తీసుకుంది.

"ఒ... ఒ..."

ఆ పిల్లకు తొందరేమీ లేదు. 'ఒకటి' పూర్తయ్యేదాకా సార్ అలాగే వంగి ఉన్నారు, నవ్వుతూ.