పొందూరు పంచె, రెండు జీబీ ర్యామ్

పాత విండోస్‌కు కాలం చెల్లిందని అందరూ కంప్యూటర్లు మార్చుకుంటున్న రోజులవి. మాది రాజాం దగ్గర ఒకప్పుడు దివాణం అనిపించుకున్న ఇల్లు. భూములన్నీ పోయాక నేను కాలేజీ పిల్లల ప్రాజెక్టులు టైపు చేస్తూ బతుకుతున్నాను. కంప్యూటర్ మరీ నత్తనడక నడుస్తుంటే ర్యామ్ మార్పిద్దామని ఆటోలో బజారుకు తీసుకెళ్లాను.

దుకాణదారు పక్క రేకు విప్పగానే లోపల ఎలుక గూడు! దుమ్ము పట్టకుండా కంప్యూటర్ మీద నేను కప్పే తాతగారి పొందూరు ఖద్దరు పంచెను కొరికి, ఆ పీలికలతోనే కట్టుకుంది.

"సూసారేటి! దివాణంలో ఎలకలు కూడా పొందూరు పంచెలే కడతన్నాయి!" అన్నాడతను.

దుకాణంలో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. అంతలో అతనికే జాలి కలిగినట్టుంది.

"పోన్లెండి అమ్మగారూ, ఎవరో మార్పించుకుంటే తీసిన నాలుగు జీబీ ర్యామ్ ఉన్నాది. ఊరికే ఎట్టేస్తాను. కొత్తదైతే మీ సొమ్ముకి రెండు జీబీయే వస్తాది."

నవ్వును భరించాను గానీ ఆ జాలిని భరించలేకపోయాను.

"మా ఇంట్లో ఎలుకలైనా పొందూరే కడతాయి బాబూ. ఒకరు విప్పేసింది మాత్రం ఎవరూ కట్టరు. కొత్త రెండు జీబీయే పెట్టు" అన్నాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. గూడు తీసి, లోపలంతా శుభ్రం చేసి, కొత్తది బిగించేదాకా స్టూలు మీద నిటారుగా కూర్చున్నాను.

నాలుగు పెట్టించుకుంటే ఇంకా వేగంగా నడిచేదని మా తమ్ముడు ఇప్పటికీ దెప్పుతాడు. నిజమే. ఫైలు తెరుచుకునేదాకా కాసేపు ఆగుతాను. ఆగడం నాకు నామోషీ కాదు.