ముడి వెయ్యకూడని కుట్టు

"ముడి వెయ్యకూడదయ్యా మిమున్. ఆ ఒక్కటీ గుర్తుంటే చాలు, మిగతాది ఏ చెయ్యైనా కుడుతుంది," అంటోంది తామో. "పోయినవాళ్ల బట్టలకి జేబుండదు, గుండీ ఉండదు. కత్తెర ముట్టించం, దారం చేత్తోనే తెంపుతాం. పెళ్లికూతురి బట్టలు కుట్టడం తేలిక. పాడుచేస్తే మొహాన కొట్టి మళ్లీ కుట్టమంటుంది. వీళ్లేమంటారు, పాపం!"

"నువ్వు కుట్టింది బాగాలేదని ఇంతవరకూ ఎవరూ లేచి రాలేదుగా పెద్దమ్మా," అన్నాడు మిమున్.

"నోరు కడుక్కో. ఇత్తో ఇంకా మట్టిలోకైనా దిగలేదు, నీకు పరాచికాలు."

అతను నవ్వి టీ గ్లాసు అందుకున్నాడు. శుక్రవారం వస్తే సెఫ్రూ ఊళ్లో, యూదుల పేటలో ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్లు అల్లిన పట్టుదారం గుండీలు పోగుచేసి ఫెజ్ పట్నంలో జెల్లాబాలనే పొడుగు అంగీలు కుట్టేవాళ్లకి పంపడం మిమున్ శ్కలీ పని. గుండీలు తీసుకోవడం నిమిషం, కబుర్లు గంట. తామో దగ్గరైతే రెండు గంటలు.

ఈవేళ పేటంతా బావురుమంటోంది. ఇత్తో బొత్‌బోల్ తెల్లవారుతుండగా పోయింది. సూర్యుడు వాలితే ఏ పనీ చెయ్యకూడని సబ్బాతు వచ్చేస్తుంది, ఈలోపే మట్టిలో పెట్టాలి. నిరుడు దూరదేశంలో యూదుల యుద్ధం జరిగాక, జనం వలసపోయి ఒక్కో ఇంటికీ తాళం పడుతూ వచ్చి, పేటలో మగవాళ్లు పధ్నాలుగు మంది మిగిలారు. వాళ్లలో పదముగ్గురు పాడె మోసుకుని కొండవైపు వెళ్లారు. పధ్నాలుగోవాడు మిమున్. అతనిది కోహెన్ల వంశం, పూర్వం గుడిలో అర్చన చేసినవాళ్లు. శ్మశానంలో అడుగుపెట్టకూడదు. అందుకే తామో వాకిట్లో కూర్చున్నాడు.

ఆడవాళ్లకీ పాడె వెంట వెళ్లే ఆచారం లేదు. పోయినావిడకి స్నానం చేయించి బట్ట కుట్టి తొడిగే వాళ్ల పని అంతకు ముందే అయిపోతుంది. తామో ముప్పై రెండేళ్లుగా ఆ పనిలో ఉంది. అత్తగారు చెయ్యి పట్టుకుని నేర్పిన రోజున స్నానం చేయించేవాళ్లు ఏడుగురు. ఇప్పుడు తను, సొల్తానా, సొల్తానా ఆడబిడ్డ. ఆవిడకి చెవుడు. ఊళ్లో ఏ ఆడదాని వీపున ఏ మచ్చ ఉందో, ఎవరి పొట్టమీద ఎన్ని కాన్పుల చారలున్నాయో తామోకి తెలుసు. ఒక్కమాట బయటికి పొక్కలేదు. నీళ్ల కుండ ఎత్తేముందు పోయినావిడని పేరు పెట్టి పిలిచి, "మా చేతుల్లో నీకేదైనా అపచారం జరిగితే మన్నించు తల్లీ," అని అడగాలి. పొద్దున ఇత్తోనీ అలాగే అడిగింది.

"మీ ఇద్దరికీ పదకొండేళ్లు మాటల్లేవు కదా," అన్నాడు మిమున్ మెల్లగా. "చేతులెలా వచ్చాయి పెద్దమ్మా?"

"చేతులకేం, వాటికి పగేముంది? పగ ఆ కుండదే." తామో మూతి తిప్పింది. "పేట పొయ్యి దగ్గర అందరి ఇళ్ల సబ్బాతు వంట కుండలన్నీ రాత్రంతా పక్కపక్కనే ఉంటాయి. నీ కుండ నా ఇంటికి, నా కుండ నీ ఇంటికి రావడం వింతా? తన కుండలో ఆరు గుడ్లు పెట్టిందట, నాకు వచ్చినదాంట్లో ఆరున్నాయట. నలుగురిలో దొంగన్నది! తినేశాం కాబట్టి చూపించలేకపోయాను గానీ, నాలుగే ఉన్నాయయ్యా, ఒట్టు."

"అయితే తిన్నది ఆవిడ కుండలోదే అన్నమాట."

"గుండీలు తీసుకుని పోతావా, టీ తాగుతావా?"

అతను బుద్ధిగా టీ తాగాడు. "ముడి లేకపోతే మొదటి కుట్టుకే దారం జారి వచ్చెయ్యదూ?" అన్నాడు. ఏదైనా అర్థం కాకపోతే వదిలే మనిషి కాదు.

"అందుకే బొటనవేలు." తామో రొమ్ము దగ్గర బట్టకి గుచ్చిన సూది తీసి, ఒళ్లో ఉన్న గుడ్డపేలిక అందుకుంది. "ఇదిగో, దారం కొసని ఎడమ బొటనవేలితో ఇలా అదిమిపెడతాం. నాలుగు కుట్లు పడేదాకా వదలం. వదిలావా, మొత్తం చేతిలోకొచ్చేస్తుంది. చూడు."

వదిలింది. దారం సర్రున జారి సూదితోపాటు వచ్చేసింది.

మిమున్ తలూపాడు. తామో మాత్రం తన బొటనవేలినే చూస్తూ ఉండిపోయింది.

పొద్దున ఇత్తోకి తొడిగాక చొక్కా ఎడమ చేతి అంచు కుట్టేటప్పుడు ఈ వేలు ఎక్కడుంది? సొల్తానా ఇత్తో భుజం ఎత్తిపట్టలేక అవస్థపడుతుంటే తామో ఎడమచేత్తో ఆ భుజాన్ని పట్టుకుంది. అవును, పట్టుకుంది. ఒంటిచేత్తోనే సూది లాగింది. మరి దారం జారలేదే. లాగగానే టక్కున ఆగింది. ఆగినందుకు, హమ్మయ్య, అనుకుంది కూడా.

ఎందుకాగింది?

కుడిచేతి చూపుడువేలు దానంతటదే కదిలింది. తడిచేసుకుని, దారం కొస చుట్టి, బొటనవేలితో దొర్లించి లాగడం. చిన్నప్పట్నించీ రోజుకి వంద గుండీలు, గుండీకి ఎన్నెన్ని ముడులో. నిద్రలో కూడా వేస్తుంది ఆ వేలు.

గుడ్డపేలిక కింద పడింది.

"పెద్దమ్మా? ఏమైంది? నీళ్లివ్వనా?"

"ముడి వేశాను," అంది. "ఇత్తో చేతికి ముడి వేసేశాను మిమున్."

అతను గ్లాసు కింద పెట్టాడు. సెఫ్రూలో పుట్టినవాడికి అంతకన్నా చెప్పక్కర్లేదు. ముడి ఉంటే ప్రాణం ఒంటిని విడిచి హాయిగా పోలేదంటారు. పోయినవాళ్లంతా సమాధుల్లోంచి లేచే ఆ రోజున ఆ చెయ్యి లేవదంటారు. అదొక భయం. రెండోది నాలుక మీదికి రానిది. మసాలాల అంగడి వెనక కూర్చునే మంత్రగత్తెలు చేసేది ముడే. పెళ్లికొడుకు నడికట్టుకి ముడి, పాలిచ్చే తల్లి జుట్టుకి ముడి. ముస్లిముల ఇళ్లలోనైనా యూదుల ఇళ్లలోనైనా ముడి పేరెత్తితే చాలు, గుండెల మీద ఉమ్ముకుంటారు. పదకొండేళ్లు మాటల్లేని మనిషి శవానికి, తన చేత్తో, ముడి!

"ఎవరికి తెలుస్తుంది పెద్దమ్మా?" అన్నాడు మిమున్, గొంతు తగ్గించి. "కాసేపట్లో మన్ను కప్పేస్తారు. కావాలని చేశావా ఏంటి?"

"ఇత్తోకి తెలుస్తుంది."

వాకిట్లో ఎండ అలాగే ఉంది. తామోకి ఇత్తో మొహం కనబడుతోంది, మీద నీళ్లు పడేటప్పటి మొహం. చెప్పకపోతే ఆ చెయ్యి అలాగే, కట్టేసి, ఎప్పటికీ. చెబితే? పేటలో మిగిలిన ఆడవాళ్లు ఇరవై మంది లేరు. సాయంత్రానికల్లా ప్రతి ఇంటికీ పాకుతుంది, తామో ఇత్తోని కట్టేసిందట అని. ఇక ఏ శవాన్నీ ముట్టనివ్వరు. సరే, ముట్టనివ్వకపోతే పోయె. రేపు తను పోతే? మంత్రగత్తె ఒంటిమీద నీళ్లు పోసేదెవరు? చెవిటావిడా?

"పొయ్యి కాసే హమ్మూ ఉన్నాడేమో చూడు. శ్మశానానికి అతన్ని పంపిద్దాం."

"జుమ్మా నమాజుకి పోయాడు. ముస్లిములంతా మసీదులోనే ఉంటారు ఇప్పుడు." మిమున్ లేచి నిలబడ్డాడు. తర్వాతి మాట ఏం రాబోతోందో అతనికి తెలిసినట్టుంది. "పెద్దమ్మా, నేను లోపలికి వెళ్లలేను. మా బాబాయి పోయినప్పుడు కూడా శ్మశానం గోడ అవతలే..."

"గోడ అవతలే నిలబడు. నీకేం దోషం రాదు. గొంతుంది కదా, కేక వెయ్యి." అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పాడె చుట్టూ తిరిగి కీర్తనలు చదువుతూ ఉంటారు, ఇంకా దించి ఉండరు. పేట గురువు రబ్బీ షలోమ్‌ని పిలువు. ఆ పెద్దాయన్నే పిలువు, కుర్రాళ్లతో చెప్పకు. ఎడమ చేతి అంచు, లోపలివైపు, చిటికెన వేలు దగ్గర. కత్తి పెట్టొద్దను. గోటితో తెంపమను. అంతకుమించి బట్ట తొలగించొద్దు, ఆడకూతురు."

"సరే. మరి ఎవరు వేశారని అడిగితే?" అన్నాడు. "చూసుకోకుండా పడిపోయింది అంటాలే. ముగ్గురు కుట్టారు, ఎవరిదో ఏం తెలుసు అంటా."

ముగ్గురంటే సొల్తానా. సొల్తానాకి పెళ్లికావలసిన పిల్ల ఉంది. ముగ్గురంటే ఆ చెవిటావిడ. తనని ఏమంటున్నారో కూడా ఆవిడకి వినబడదు.

"నా పేరే చెప్పు," అంది. "తామో వేసింది, గుండీలు అల్లే వేలు, దానంతటదే వేసింది అని చెప్పు. నమ్మితే నమ్ముతారు. ఇంకోటి, రబ్బీని ముడి తెంపాక ఇత్తో చెవి దగ్గర వంగమను. పొద్దున మన్నింపు అడిగినప్పుడు ఈ తప్పు ఇంకా జరగలేదు, తామో మళ్లీ అడుగుతోంది అని చెప్పమను. పేరు పెట్టి పిలవమను, మర్చిపోకు. పరిగెత్తు నాయనా, మన్ను పడే చప్పుడు వినబడకముందే గోడ దగ్గరికి చేరు."